టిక్కీ సంచిలో తెల్ల డ్రెస్సు

మిర్చి కోతల కాలంలో జాన్ బాషాకి నిద్ర దూరపు చుట్టం లాంటిది. ఎప్పుడో గాని రాదు. వచ్చినా మంచం అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, బస్సు టైమైందంటూ లేస్తుంది. పగలంతా ట్రక్కు ఆటోలో పర్చూరు చుట్టుపక్కల కల్లాల నుంచి మిర్చి టిక్కీలు, అంటే మిర్చి కుక్కిన గోనె బస్తాలు, ఎత్తుకుని గుంటూరు యార్డుకు తోలడం, వచ్చేటప్పుడు ఖాళీ సంచులు తెచ్చి రైతులకు పంచడం. ఇది పొట్టకూటి పని. తెల్లారుతూనే ఊరి బయట పొగాకు ఆరబెట్టే, ఇప్పుడు మూతబడిన బ్యారన్ ముందు గచ్చు మీద పిల్లలకు తైక్వాండో నేర్పడం రెండో పని. మొదటి పనికి నడుం పోయింది, రెండో పనికి మోకాళ్ళు పోయాయి, ఇక మిగిలింది నోరొక్కటే అని వాళ్ళావిడ జైతున్‌బీ అంటుంది. అదీ పూర్తి నిజం కాదు. ఈమధ్య ఆ నోరు కూడా ఆవలించడానికే ఎక్కువగా తెరుచుకుంటోంది.

ఒకప్పుడు అలా కాదు. పిల్లల్ని గచ్చు మీద వరుసగా కూర్చోబెట్టి, మోకాళ్ళు వేరుశనక్కాయలు వలిచినట్టు చిటపటలాడుతుంటే తనూ కూర్చుని, కథ ఎత్తుకునేవాడు.

"చాలా కాలం కిందట కొరియాలో సిల్లా అని ఒక రాజ్యం ఉండేదిరా. అక్కడ హ్వారాంగ్ అని కుర్రాళ్ళ దండు. మీలాగా ఫోన్లు నొక్కుకుంటా కూర్చోలా. కొండలెక్కారు, ఏర్లు ఈదారు, విల్లు పట్టారు, గుర్రాలెక్కారు. మళ్ళీ పాటలు కూడా పాడారు. ఒట్టి కండే వీరత్వమైతే దున్నపోతుకి మించిన వీరుడెవడు? మన అమరావతి వైపు వెనకటికి సన్యాసులు తిరిగినట్టే అక్కడా బౌద్ధ సన్యాసులుండేవాళ్ళు. అందులో ఒకాయన వీళ్ళకి ఐదు మాటలు చెప్పాడు. ఏంటవి?"

పిల్లలు గొంతు చించుకునేవాళ్ళు. "రాజుకు ద్రోహం చేయకు! అమ్మానాన్నల్ని కష్టపెట్టకు! స్నేహితుణ్ణి మోసం చేయకు! యుద్ధంలో వెనకడుగు వేయకు! అవసరం లేకుండా ప్రాణం తీయకు!"

బ్యారన్ అరుగు మీద వేపపుల్ల నములుతూ కూర్చునే చెంచయ్య ఈ అదను కోసమే కాచుకుని ఉండేవాడు. అరవై దాటాయి, పెద్దరికం మాత్రం ఇంకా దాఖలు కాలేదు.

"ఒరే బాషా, మనకి రాజెవర్రా? ఎమ్మార్వోనా?"

"బాబాయ్, నువ్వూరుకో."

"ప్రాణం తీయకూడదంటున్నావు. మరి పత్తికాయలో గులాబీ పురుగుని ఏం చేద్దాం? కూర్చోబెట్టి కాఫీ పోద్దామా?"

"అవసరం లేకుండా అన్నాను బాబాయ్."

"పురుగుమందుల కొట్టువాడూ అదే అంటాడు, అవసరమేనని!"

పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఒకసారి చెంచయ్య, బాషా నల్లబెల్టు కాజేసి తన గేదె మెడకు కట్టి గచ్చు మీదికి తోలుకొచ్చాడు. "దీనికీ పరీక్ష పెట్టరా. పాలు పిండేటప్పుడు కాలు విసురుతుంది చూడు, నీకంటే నయం" అన్నాడు. ఆ రోజు క్లాసు జరగలేదు.

ఈ యేడు కోతలు మొదలయ్యాక క్లాసు దానంతటదే పలచబడింది. పిల్లలంతా తల్లుల వెంట చేలకు పోయారు. చివరికి మిగిలింది అఖిల ఒక్కతే. కోటిరత్నం కూతురు. కోటిరత్నం కౌలుకు మిర్చి వేసింది. తామర పురుగు తినగా మిగిలిన కాయ కోసుకోవడానికి ఆమెకు మనుషులు దొరకడం లేదు. అయినా కూతుర్ని పొద్దున పూట మాత్రం వదిలేది. ఎందుకంటే ఈ ఆదివారం గుంటూరులో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక పోటీ. ఒక్కో బరువు విభాగంలో ఒక్కరినే తీసుకుంటారు. అఖిలకు వచ్చే యేడు వయసు దాటిపోతుంది. అంటే ఈసారి జట్టులోకి వెళ్ళకపోతే జూనియర్లలో ఇక వెళ్ళడమనేదే లేదు. ఆ పిల్ల దాని గురించి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. గచ్చు మీద గాలిని తంతూ ఉండేది, అంతే. ఆ తన్నుల చప్పుడు వింటే బాషాకి తన మోకాళ్ళు ఇంకా తనవే అనిపించేది.

ఆదివారం నాడు కూడా లోడు పడింది. యార్డుకు సెలవే, కానీ యార్డు పక్క కోల్డు స్టోరేజీకి టిక్కీలు దించాలన్నాడు రైతు. కాదంటే వచ్చే లోడు ఇంకొకడికి పోతుంది. "ఎలాగూ గుంటూరే కదా" అనుకుని బాషా చీకటితోనే లోడెక్కించాడు. అఖిలను, వద్దన్నా వినకుండా ఎక్కిన చెంచయ్యను ముందు సీట్లో ఇరికించుకున్నాడు. ఒక తెల్ల డ్రెస్సు అఖిల బ్యాగులో ఉంది. రెండోది, క్లాసు డ్రెస్సుల్లో మంచిది, జైతున్‌బీ ఉతికి ఇస్త్రీ చేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. చిలకలూరిపేట దాటేసరికి ఆ కవరు గేరు రాడ్డుకు తగులుకుని పర్రున చిరిగింది. బాషా సీటు కింద చెయ్యి పెట్టి ఒక ఖాళీ టిక్కీ సంచి లాగాడు. తిరగేసి, కిటికీలోంచి బయటికి పెట్టి దులిపాడు. అతని కంటికది శుభ్రంగానే కనిపించింది. డ్రెస్సు అందులో పెట్టి చెంచయ్య ఒళ్ళో పడేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పైఊరి మనిషి మిర్చి యార్డు గేటు దాటితే చాలు, తుమ్మి తుమ్మి తన పేరు మర్చిపోతాడు. పర్చూరు చుట్టుపక్కల వాళ్ళకు జలుబు చేసినా తుమ్ము రాదు. కారపు ఘాటు వాళ్ళ ముక్కుకు గాలితో సమానం. ఆ సంచిలోని ఘాటుని ముగ్గురిలో ఎవరి ముక్కూ పట్టలేదు.

కోల్డు స్టోరేజీలో లోడు దించి పోటీల హాలు చేరారు. పొద్దుటి పోటీలు అఖిల సునాయాసంగా దాటింది. మూడో పోటీలో ఎదుటి అమ్మాయికి ముక్కు అదిరి, రక్తం అఖిల డ్రెస్సు మీద చిందింది. రక్తం మరకతో ఫైనల్ ఆడనివ్వరు. అఖిల బాత్రూంలోకి పోయి టిక్కీ సంచిలోని డ్రెస్సు వేసుకుని వచ్చింది.

ఫైనల్లో ఎదుటి పిల్ల లక్ష్మీదుర్గ. గుంటూరు అమ్మాయి. పొడుగ్గా, సన్నగా, కొరడా లాంటి కాళ్ళు. మొదటి రౌండులో ఆ కాళ్ళు అఖిలను దగ్గరికే రానివ్వలేదు. రెండో రౌండులో అఖిల దారి కనిపెట్టింది. కాలు లేచేలోగా లోపలికి దూరడం, ఛాతీకి ఛాతీ ఆనించి నిలబడడం, విడివడే క్షణంలో పక్కటెముకల మీద తన్నడం. రౌండు ముగిసేసరికి పాయింట్లు సమానమయ్యాయి.

"అబ్బ, ఏం తన్నిందిరా! మన గేదె కూడా దండం పెడుతుంది" అన్నాడు చెంచయ్య.

అఖిల వచ్చి కుర్చీలో కూలబడింది. మెడ ఎర్రగా కందిపోయి ఉంది. కళ్ళు నిండి ఉన్నాయి.

"మాస్టారూ, మంటగా ఉంది."

"ఎక్కడమ్మా?"

"ఒళ్ళంతా. చంకల్లో, మెడ మీద. నిప్పులు పోసినట్టు ఉంది."

"చెమట పొక్కులై ఉంటాయిలే" అంటూ బాషా తువ్వాలు కోసం చూశాడు. కనిపించలేదు. ఆమె డ్రెస్సు చేతి అంచుతోనే ఆమె గడ్డం కింద తుడిచాడు. తర్వాత అలవాటుగా అదే చేత్తో తన మీసం తుడుచుకున్నాడు. పెదవి చుర్రుమంది. నాలుక తగిలించి చూశాడు.

ముక్కు చచ్చినా నాలుక చావలేదు. కారం. అది కూడా మహా ఘాటైన తేజా రకం.

బాషా తల తిప్పి చెంచయ్య ఒళ్ళో ఉన్న సంచి వైపు చూశాడు. పొడిగా ఉన్నంతసేపు నిద్రపోయిన కారం, చెమట తగిలేసరికి లేచి కూర్చుంది.

చెప్పాలి. చెబితే ఆట ఆపుతారు. నిర్వాహకుల టేబుల్ దగ్గరికి పిలుస్తారు. వందమంది చుట్టూ మూగుతారు. వేరే డ్రెస్సు ఎక్కణ్ణుంచి తేవాలి, ఎవర్ని బతిమాలాలి, వాళ్ళేమంటారు? వారం రోజుల నిద్ర ఒక్కసారిగా అతని రెప్పల మీద కూర్చుంది. ఒక్క రౌండు. మంట ఈ పిల్లకే కదా, ఓర్చుకుంటుంది. మిర్చి చేలో పుట్టిన పిల్ల.

"ఓర్చుకో తల్లీ. అయిపోవచ్చింది. వెనకడుగు వేయకు" అన్నాడు.

అఖిల అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, పళ్ళగార్డు పెట్టుకుని లేచింది.

మూడో రౌండు మొదలైంది. అఖిల మళ్ళీ లోపలికి దూరింది. ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించుకున్నారు. తోపులాటలో లక్ష్మీదుర్గ మొహం అఖిల భుజానికి, చేతికి రాసుకుంది. విడిపోయారు. అఖిల కాలు లేపింది. కానీ ఎదుటి పిల్ల రెండు చేతులూ కళ్ళ మీద పెట్టుకుని కేక వేసింది.

అఖిల కాలు గాల్లోనే ఆగింది. మెల్లగా దిగింది.

రిఫరీ ఆట ఆపాడు. డాక్టరు నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చాడు. నీళ్ళు పోసినకొద్దీ మంట ఎక్కువైంది. లక్ష్మీదుర్గ నేల మీద మోకాళ్ళూని గింజుకుంటోంది. ఆమె కోచ్ "కంట్లో వేలు పెట్టింది, వేలు!" అని అరుస్తున్నాడు.

"వేలు తగిలిందా?" అని రిఫరీ అఖిలను అడిగాడు.

అఖిల తల అడ్డంగా ఊపింది. రిఫరీ గడియారం చూసుకున్నాడు. గాయానికిచ్చే గడువులోగా ఆ పిల్ల లేవకపోతే ఆట అఖిలది. అందరికీ తెలిసిందే.

బాషా కుర్చీలోంచి లేవలేదు. లేద్దామనుకున్నాడు. లేస్తున్నాననే అనుకున్నాడు. మోకాళ్ళ దగ్గర ఆ ఆలోచన ఆగిపోయింది. గడువు తొందరగా అయిపోతే బాగుండునని అతనికి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా లేవలేదు.

చెంచయ్య సంచిలో చెయ్యి పెట్టి, వేలు నాకి చూశాడు. జన్మంతా ఇలాంటి పనులే చేసి నవ్వినవాడు. పెళ్ళివారి పానకంలో కారం కలిపినవాడు. బాషా వైపు వంగి, "ఒరే, నాకు నవ్వు రావట్లేదురా" అన్నాడు.

అఖిల తన మాస్టారి వైపు చూసింది. బాషా వంగి బూటు లేసు సర్దుకున్నాడు. అది వదులుగా లేదు.

లేసు మీద వేళ్ళు ఉండగానే ఆమె గొంతు వినిపించింది.

"సార్, వేలు కాదండి. నా డ్రెస్సులో కారం ఉంది."

హాల్లో ముందు నవ్వు పుట్టింది. తర్వాత ఆ నవ్వు గోలగా మారింది. లక్ష్మీదుర్గ కోచ్ చాప మీదికి దూకాడు. "చూశారా! కావాలనే పూసుకొచ్చారు! మిర్చి ఊళ్ళోళ్ళ బుద్ధి ఎక్కడికి పోద్ది!"

"ఏయ్, నోరు జాగ్రత్త! మీ ఊరి పప్పులోకి కారం మా ఊరిదేరా!" అని చెంచయ్య లేచాడు. సంచి కిందపడింది.

టేబుల్ దగ్గరున్న పెద్దాయన, పోటీలకు బాధ్యుడు, అందర్నీ కసిరి వెనక్కి నెట్టాడు. ఎవరో పెరుగు ప్యాకెట్టు తెచ్చారు. లక్ష్మీదుర్గ కళ్ళ చుట్టూ రాశారు. కాసేపటికి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. ఎర్రగా ఉన్నాయి గాని కనబడుతోందంది. పెద్దాయన బాషాను పిలిచాడు. బాషా సంచి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, కవరు చిరగడం, సంచి దులపడం అన్నీ చెప్పాడు. ఆయన సంచి దగ్గరికి ముక్కు పెట్టి గట్టిగా తుమ్మాడు. ఆయన మొహం మెత్తబడింది.

"పొరపాటులాగే ఉందయ్యా. ఆ పిల్ల తనంతట తనే చెప్పింది, అది మామూలు విషయం కాదు. చూడు, నీకు ఇప్పుడే తెలిసిందిగా? అలాగైతే స్నానం చేయించి, వేరే డ్రెస్సు వేయించి, ఆఖరి రౌండు మళ్ళీ ఆడిస్తాను. తెలిసే ఆడించినట్టయితే మాత్రం నేనేం చేయలేను, ఓడినట్టే. ఇప్పుడేగా?"

అడుగుతూనే జవాబు కూడా ఆయనే నోటికి అందించాడు. ఊఁ అంటే చాలు. బాషా పక్కనే అఖిల నిలబడి ఉంది. మెడ గోక్కోకుండా చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. ఆమె కళ్ళలో ఆశ లేచింది. అది అతనికి చూడకుండానే తెలిసింది.

ఇప్పుడే అంటే ఆమెకు ఆట దొరుకుతుంది. అబద్ధమే అయినా ఆమె కోసం ఆడే అబద్ధం. కానీ రెండో రౌండు తర్వాత ఈ పిల్ల తన మొహంలోకి చూసింది. తనకు తెలుసని ఆమెకూ తెలుసు. తను నోరు విప్పి ఆ అబద్ధం అంటే, ఆమె ఇంతకుముందు ఒంటరిగా నిలబడి చెప్పిన మాట కూడా బురదలో పడుతుంది.

"రెండో రౌండు అవగానే తెలిసిందండి. తెలిసే పంపాను" అన్నాడు.

 పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, లక్ష్మీదుర్గ చెయ్యి పైకెత్తమని రిఫరీకి సైగ చేశాడు.

తిరుగు ప్రయాణంలో ట్రక్కు ఖాళీగా గడగడలాడింది. చెంచయ్య నాలుగు మజ్జిగ ప్యాకెట్లు కొని, తువ్వాలు తడిపి అఖిల మెడ మీద వేశాడు. ఏదైనా తమాషా చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకుని, రెండుసార్లూ మానుకున్నాడు. రోడ్డుకు అటూ ఇటూ కల్లాల్లో మిర్చి ఎర్రగా పరిచి ఉంది. పత్తి తీసేసిన చేలల్లో ఎండుకట్టెలు గాలికి కదులుతున్నాయి.

చాలా దూరం పోయాక అఖిల అంది, అద్దంలోంచి ముందుకే చూస్తూ.

"అప్పుడే చెప్పుంటే డ్రెస్సు మార్చుకుని ఆడేదాన్నిగా మాస్టారూ."

"అవునమ్మా."

"గెలిచేదాన్ని."

"గెలిచేదానివి."

"మరెందుకు చెప్పలేదు?"

బాషాకి సిల్లా రాజ్యం గుర్తు రాలేదు, సన్యాసీ గుర్తు రాలేదు. "అలిసిపోయానమ్మా" అన్నాడు. అది సాకులా వినిపించింది. కానీ అంతకు మించిన నిజం అతని దగ్గర లేదు.

అఖిల మెడ మీది తువ్వాలు తీసి మళ్ళీ మజ్జిగలో తడుపుకుంది.

కోటిరత్నం ఇంటి ముందు ఎదురుచూస్తోంది. కూతురి మొహం చూడగానే విషయం అర్థమైంది. "ఏమైందే?" అంది. అఖిల లోపలికి వెళ్ళిపోయింది.

"నా వల్లే పోయిందమ్మా" అని బాషా జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడే చెప్పాడు. కూర్చోమని ఆమె అనలేదు.

 కోటిరత్నం అరుస్తుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "నా కూతురు ఇన్నాళ్ళూ పొద్దునపూట చేనుకు రాకుండా మీ దగ్గరికొచ్చింది. కాయ చెట్టు మీదే ఎండిపోతా ఉంది. రేపు కోతకి ఒక మనిషి తక్కువ, వస్తారా మాస్టారూ?" అంది.

ఎకసెక్కమో, కోపమో, నిజంగానే అడిగిందో అతనికి తెలియలేదు. "వస్తానమ్మా" అన్నాడు.

మర్నాడు లోడు ఇంకొకడికి అప్పగించి, తెల్లారేసరికి చేలో ఉన్నాడు. కోతకొచ్చిన కొద్దిమంది ఆడవాళ్ళు మూతులు బిగించి నవ్వుకున్నారు. నల్లబెల్టు మాస్టారు నడుం వంచలేక ఒక్కో చెట్టు దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, లేచేటప్పుడు మిరపమొక్కను పట్టుకోబోయి మానుకుని, నేల మీద చెయ్యి ఆనించి లేస్తున్నాడు. గట్టు మీద కూర్చున్న చెంచయ్య, "ఒరే బాషా, ఇదేం ఆసనంరా? కొరియాలో నేర్పారా?" అని అరిచాడు. ఎవరూ జవాబివ్వకపోయేసరికి తనూ పంచె ఎగగట్టి ఒక సాలు పట్టాడు.

అఖిల పక్క సాలులో ఉంది. మెడకు కొబ్బరినూనె రాసుకుని పాత చొక్కా వేసుకుంది. ఆమె చేతులు గబగబా సాగిపోతున్నాయి. అతని కంటే ఎప్పుడూ నాలుగు చెట్లు ముందే. ఒకసారి కూడా తిరిగి చూడలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అతని వేళ్ళు మండడం మొదలుపెట్టాయి. ఒకచోట కళ్ళు మూతలు పడి, చెట్టు పట్టుకునే కునుకు తీశాడు.

మెలకువ వచ్చేసరికి అఖిల సాలు చివరి నుంచి వెనక్కి వచ్చి, అతని గంపలోకి చూస్తోంది.

"తొడిమలు ఊడిపోతున్నాయి మాస్టారూ" అంది. గొంతులో ఇంకా కోపం ఉంది. "అట్లా లాగకూడదు, తొడిమ లేని కాయకి రేటు రాదు. కాయని పైకి వంచి తుంచాలి."

ఒక కాయ తుంచి చూపించింది. మాస్టారు దాన్ని చూసి, తనూ ఒకటి తుంచాడు. తొడిమ ఊడింది.

"మళ్ళీ" అంది అఖిల.